కొత్త బ్యాచ్ డివైస్ సర్వర్ల విషయంలో మీకు చెప్పవలసినది

గడచిన ఐదు నెలల్లో మా దగ్గర ఒంటి పోర్టు డివైస్ సర్వర్లు, అంటే సీరియల్ తీగతో మాట్లాడే యంత్రాన్ని నెట్‌వర్క్‌కు కలిపే పెట్టెలు, తీసుకున్నవారు ముందుగా ఒక్క పని చేయండి. పెట్టె వెబ్ పేజీ తెరిచి ఫర్మ్‌వేర్ (పెట్టె లోపల నడిచే ప్రోగ్రాము) సంఖ్య చూడండి. అది 2తో మొదలైతే మీ పెట్టె పాత బ్యాచ్‌ది, దానికి ఏ ఇబ్బందీ లేదు. 3తో మొదలైతే మాత్రం ఈ సంగతి మీకు సంబంధించినదే: ఆ పెట్టె పెద్ద జవాబులను ముక్కలు చేసి పంపుతోంది. అలాంటివి మేము అమ్మినవి మొత్తం 63. వాటన్నిటినీ, బాగా పనిచేస్తున్నవాటితో సహా, వెనక్కి తీసుకుని వేరే పెట్టెలు ఇవ్వాలని నిర్ణయించాం.

లోపం బయటపడింది ఒక పాత ఖాతాదారు ఓపిక వల్ల. ఆయన దగ్గర ఒకే ఆర్‌ఎస్-485 లైను (చాలా యంత్రాలను కలిపే సీరియల్ తీగల జత) మీద 14 విద్యుత్ మీటర్లు ఉన్నాయి. మా పాత పెట్టె ఆ లైనును ఏళ్లుగా ఈథర్‌నెట్‌కు కలుపుతూ వస్తోంది. రెండో లైను వేసి దానికి కొత్త పెట్టె పెట్టారు. చిన్న జవాబులు వస్తున్నాయి, పెద్దవి మాత్రం చెక్‌సమ్ (సందేశం చెడలేదని సరిచూసే లెక్క) తప్పి పడిపోతున్నాయి. ఫోన్ చేస్తే మేము చెప్పిన సమాధానం, ఇలాంటప్పుడు అందరూ చెప్పేదే: ఏ, బీ తీగలు తారుమారయ్యాయేమో చూడండి, లైను రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయో లేదో చూడండి, షీల్డు ఎక్కడ గ్రౌండయిందో చూడండి. ఆయన మూడు రోజులు నిచ్చెన దిగకుండా ఆ కేబుల్ మొత్తం వెతికారు. నాలుగో రోజు తనకే ఆలోచన తట్టి రెండు పెట్టెలనూ ఒకదాని చోట మరొకటి మార్చి పెట్టారు. లోపం లైను మీద మిగలలేదు, పెట్టెతో పాటు పక్క లైనుకు వెళ్లింది. మా మాట నమ్మి ఆయన పోగొట్టుకున్న ఆ మూడు రోజులకు నేను ఇదివరకే క్షమాపణ చెప్పుకున్నాను. ఇక్కడ అందరి ముందూ మళ్లీ చెబుతున్నాను.

అసలు జరిగినది ఇది. ఆ మీటర్లు సీరియల్ లైను మీద మాట్లాడే పద్ధతి పేరు మోడ్‌బస్ ఆర్‌టీయూ. 1979లో వచ్చిన ఆ పద్ధతిలో సందేశం ముగిసిందని తెలిపే ముగింపు గుర్తంటూ ఏదీ ఉండదు. మూడున్నర అక్షరాల కాలం లైను నిశ్శబ్దంగా ఉంటే సందేశం అయిపోయినట్టు లెక్క. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల) వేగంలో, పారిటీ అనే తప్పు పట్టే బిట్‌తో కలిపి అక్షరానికి 11 బిట్ల చొప్పున చూస్తే, ఆ నిశ్శబ్దం సుమారు 4 మిల్లీసెకన్లు. మా పాత పెట్టె ఆ నిశ్శబ్దం కోసం ఆగి, అప్పటిదాకా పోగైన బైట్లన్నిటినీ ఒకే ప్యాకెట్‌లో నెట్‌వర్క్ మీదికి పంపేది. కొత్త ఫర్మ్‌వేర్ ఆగదు. 16550 తరహా సీరియల్ చిప్‌లో వచ్చిన బైట్లు కాసేపు ఆగే 16 బైట్ల బఫర్ ఉంటుంది. అందులో 14 బైట్లు చేరగానే చిప్ ప్రాసెసర్‌ను పిలుస్తుంది, కొత్త ఫర్మ్‌వేర్ ఆ పిలుపు అందగానే ఉన్నంతవరకు పంపేస్తుంది. మీటరులో విలువలుండే గడులను రిజిస్టర్లు అంటారు, ఒక్కొక్కటి రెండు బైట్లు. పది రిజిస్టర్లు చదివితే వచ్చే జవాబు 25 బైట్లు. నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాములో చూస్తే మొదట 14 బైట్ల ప్యాకెట్, దాదాపు 17 మిల్లీసెకన్ల తర్వాత మిగిలిన 11 బైట్ల ప్యాకెట్. ఖాతాదారు సాఫ్ట్‌వేర్ మొదటి ముక్కనే పూర్తి జవాబనుకుని చెక్‌సమ్ సరిచూసి తోసిపుచ్చింది. ఇంత జరుగుతున్నా పెట్టె వెబ్ పేజీలో ‘ఎంత విరామం తర్వాత పంపాలి’ అన్న గడిలో 10 మిల్లీసెకన్లు అని ఎప్పటిలాగే ఉంది. ఆ గడిని పేజీలో ఉంచి, దాని పని మాత్రం లోపల తీసేశారు.

మా పరీక్షలో ఇది ఎందుకు దొరకలేదని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. ప్రతి పెట్టెనూ పంపేముందు మా బల్ల మీద ఒక మీటరుకు కలిపి నాలుగు రిజిస్టర్లు చదివిస్తాం. ఆ జవాబు 13 బైట్లు. పద్నాలుగుకు ఒక్కటి తక్కువ. అన్ని పెట్టెలూ నెగ్గాయి. పైగా, వెబ్ పేజీలో ఫర్మ్‌వేర్ అంకె మారిందని మా దగ్గర పనిచేసే కుర్రవాడు గమనించి నన్ను అడిగాడు. మోడల్ సంఖ్య అదే, పెట్టె అదే, ఏదో మామూలు మార్పే అయి ఉంటుందని నేనే అన్నాను. ఆ మాటకు బాధ్యత నాది, అతనిది కాదు.

సరఫరాదారు సంగతి కొంచెం వివరంగా చెప్పక తప్పదు. ఏళ్ల తరబడి వాళ్ల దగ్గరే బోర్డులు తీసుకుంటున్నాం. చిప్ మార్చినా, ఫర్మ్‌వేర్ మార్చినా ముందుగా తెలియజేయాలని మొదటి ఆర్డరులోనే రాసుకున్నాం. ఈసారి ఒక్క ముక్క చెప్పలేదు. ప్యాకెట్ల నమోదు పంపి అడిగితే వారం తర్వాత వచ్చిన జవాబు: టీసీపీ (నెట్‌వర్క్ మీద డేటా పంపే పద్ధతి) అనేది బైట్ల ప్రవాహం, అందులో సందేశాల హద్దులు ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వరు, ముక్కలను కలుపుకోవలసిన బాధ్యత మీ ఖాతాదారు సాఫ్ట్‌వేర్‌దే. ఈ వాదనలో మొదటి సగం నిజం, దాన్ని నేను కాదనను. ఈ రోజు కొత్తగా ప్రోగ్రామ్ రాసేవారు ముక్కలుగా వచ్చిన జవాబును తప్పక కలుపుకోవాలి. కానీ డివైస్ సర్వర్ కొనేవారు కొనేదే తమ పాత యంత్రాన్నీ, పాత ప్రోగ్రామునూ ముట్టుకోకుండా నెట్‌వర్క్‌కు తేవడానికి. ఆ ప్రోగ్రాము రాసినవారు ఎక్కడున్నారో తెలియని చోట్ల కూడా మా పెట్టెలు ఉన్నాయి. మధ్యలో ఉన్న పెట్టె ఆ భారం మోయకపోతే దాని అవసరమే లేదు. సీరియల్ యంత్రాలు ఎలాగూ పాతబడ్డాయి, ఖాతాదారులను మార్చుకోమనండి అని వాళ్లు చివర్లో చేర్చిన వాక్యం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఇరవై ఏళ్లుగా తప్పు లేకుండా కొలుస్తున్న మీటరును వెనక తొమ్మిది పిన్నుల సాకెట్టు ఉందన్న కారణంతో పారేయమని నేను ఎవరికీ చెప్పను.

ఆ తర్వాత వాళ్లు సరిచేసిన ఫర్మ్‌వేర్ పంపారు. అది పనిచేస్తోంది కూడా. నాకు రెండు వారాలు నిద్ర లేకుండా చేసింది ఇదే. దాన్ని మీకు పంపి, దూరం నుంచే ఎక్కించుకోమంటే మాకు ఖర్చే లేదు. కానీ ఎక్కుతుండగా కరెంటు పోయినా, కనెక్షన్ తెగినా ఆ బోర్డు మళ్లీ లేవదు, విప్పి చిప్‌ను నేరుగా రాయవలసిందే. 63లో ఒక్కటి అలా మనిషి సులభంగా చేరలేని ప్యానెల్‌లో చచ్చిపోతే, మా తప్పును మీ నెత్తిన వేసినట్టే. పోనీ ఇబ్బంది వచ్చినవారికి మాత్రమే మార్చి ఇద్దామా అనీ ఆలోచించాను. మోడ్‌బస్ టీసీపీ (మోడ్‌బస్‌ను నెట్‌వర్క్ మీద నడిపే రీతి) గేట్‌వేగా, 502 పోర్టు మీద వాడుతున్నవారికి ఈ లోపం కనబడదు, ఆ రీతిలో పెట్టె జవాబు పొడవు లెక్కపెట్టుకునే పంపుతుంది. చిన్న జవాబులు మాత్రమే చదివేవారికీ కనబడదు. నడుస్తున్నదాన్ని కదపకూడదన్నది మన పనిలో పెద్ద నియమమే. అయితే ఏడాది తర్వాత ఎవరో వచ్చి నాలుగు రిజిస్టర్లను పది చేస్తారు, అప్పటికి ఈ ఉత్తరం ఎవరికీ గుర్తుండదు, మళ్లీ ఎవరో నిచ్చెన ఎక్కుతారు. అందుకే అన్నిటినీ మార్చాలనుకున్నాను. ఇది మాకు నష్టమని మా లెక్కలు చూసేవారు చెప్పారు. నేను మనసు మార్చుకోలేదు.

బదులుగా ఇచ్చే పెట్టెలు వేరే తయారీదారువి, కాబట్టి రావడానికి ఆరు వారాలు పడుతుంది. మీ పెట్టెలోని సెట్టింగుల ఫైలు పంపితే ఐపీ చిరునామా, బాడ్ రేటు, పారిటీ, పోర్టు సంఖ్య అన్నీ ముందే ఎక్కించి పంపుతాం. లోపమున్నది విప్పి, బదులుగా వచ్చినది బిగించడమే మీ వంతు. లోపమున్న పెట్టెను, బదులుగా వచ్చినది పనిచేయడం మొదలయ్యాకే తిరిగి పంపండి. ఈలోగా ఇబ్బంది ఉన్నవారు ఒక్కసారికి నాలుగు రిజిస్టర్లకు మించి చదవకుండా ప్రోగ్రామును సర్దుకోవచ్చు, లేదా సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే మోడ్‌బస్ టీసీపీ రీతికి మారవచ్చు.

మా బల్ల మీది పరీక్ష కూడా మారింది. ఇకపై ప్రతి పెట్టెతోనూ 125 రిజిస్టర్ల జవాబు, అంటే 255 బైట్లు, 9600, 19200, 115200 వేగాల్లో చదివించి, అది ఒకే ప్యాకెట్‌లో వచ్చిందో లేదో చూస్తాం. ఆ నమోదు కాగితం పెట్టెతో పాటే వస్తుంది. దాని మీద ఫర్మ్‌వేర్ సంఖ్య నేనే చేత్తో రాస్తాను. ప్యానెల్ ఆపడానికి సెలవు రోజు తప్ప వీలు లేనివారు ఆ రోజేదో ముందుగా తెలియజేయండి, మీరు బిగించి మీటరు చదివేదాకా ఫోన్ దగ్గరే ఉంటాను.