ఏనుగు కాళ్ళు ఊడిపోయిన సంగతి

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చేరింది. ఉపాధ్యాయ శిక్షణలో చేరి మూడు నెలలు కాకముందే, రోజూ కాగితాలు మడవడం, మట్టి పిసకడం, రంగులు పూయడంతోనే సరిపోతున్నదనీ, పాఠం చెప్పడం ఎప్పుడు నేర్పుతారో తెలియడం లేదనీ రాశావు. చివరలో మరేదో రాస్తూ మధ్యలో అన్నట్టుగా, నువ్వు చేసిన బంకమట్టి ఏనుగు ఆరేసరికి రెండు కాళ్ళు ఊడిపోయాయనీ, చిన్నప్పటి నుంచీ నీకు బొమ్మలు రావు కనుక పిల్లల ముందు నవ్వులపాలవుతావేమోననీ రాశావు. ముందు రాసింది ఫిర్యాదు, చివర రాసింది భయం. నాకు ఆ భయమే అసలు సంగతిగా తోచింది కనుక ఏనుగుతోనే మొదలుపెడతాను.

ఆరేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది. లావుపాటి పొట్ట నెమ్మదిగా, సన్నని కాళ్ళు త్వరగా ఆరుతాయి కాబట్టి రెండూ ఒకే వేగంతో కుంచించుకోక, అతుకు దగ్గర లాగుడు పుట్టి పగులు వస్తుంది. పైగా నున్నని కాలును నున్నని పొట్టకు అదిమితే అంటుకున్నట్టు కనిపిస్తుందే గాని ఒకదానిలో ఒకటి కలవదు. అతికే రెండు చోట్లా పుల్లతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, అదే మట్టిని నీళ్ళతో చిక్కగా కలిపి ఆ గీతల్లో పూసి, కొద్దిగా కదుపుతూ అదిమి, అతుకు కనబడకుండా వేలితో మెత్తి, తడిగుడ్డ కప్పి నిదానంగా ఆరనివ్వాలి. మీ శిక్షకులు ఇదంతా చెప్పే ఉంటారు, నువ్వు రాసుకొనే ఉంటావు. అయినా రేపు ఒక పిల్లవాడు ఊడిన కాలు చేత్తో పట్టుకొని, కళ్ళనిండా నీళ్ళతో నీ బల్ల దగ్గరకు వస్తే, నీకు అక్కరకు వచ్చేది ఆ రాత కంటే ఎక్కువగా నీ ఏనుగే. కాళ్ళు అతికించే పిల్లలు కొందరైతే, ముద్దలోంచే కాళ్ళను లాగి తీసేవాళ్ళు మరికొందరు. లాగి తీసినవి ఊడవు. ఎవరు ఏ దారి పడతారో నువ్వు గమనించాలి, ఒకరి దారిలోకి ఇంకొకరిని లాగకూడదు.

బొమ్మలు చక్కగా వేయగలిగినవారే ఈ పని బాగా నేర్పుతారన్న నమ్మకం నాకు లేదు. చెయ్యి తిరిగినవాళ్ళకు ఎక్కడ తడబడతామో గుర్తుండదు. నీ చెయ్యి తడబడిన ప్రతి చోటా చిన్నపిల్లల చెయ్యి కూడా తడబడుతుంది కాబట్టి, తరగతిలో చేయించబోయే ప్రతి పనినీ ముందు రోజు నువ్వొకసారి పూర్తిగా చేసి చూడు. ఎరుపు, నీలం కలిపితే ఊదా వస్తుందని బోర్డు మీద రాసి, తీరా కలిపితే బురదరంగు వచ్చిందనుకో, పిల్లలు నీ మాటను నమ్మాలా, తమ కళ్ళనా? నారింజ ఛాయ ఉన్న ఎరుపులో పసుపు పాలు ఉంటుంది, దానికి నీలం చేరితే మూడు మూలరంగులూ కలిసి గోధుమరంగులోకి దిగుతాయి. గులాబీ ఛాయకు దగ్గరగా ఉన్న ఎరుపు తీసుకుంటే ఊదా తేటగా వస్తుంది. నీ దగ్గరున్న ఎరుపు ఏ రకమో ముందు రోజు కలిపి చూసినప్పుడే తెలుస్తుంది.

ఇక నీ ఫిర్యాదు. ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పినవాడిగా దీనిమీద నాకు కాస్త మాట్లాడే హక్కు ఉందనుకుంటాను. ఎనిమిదో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే, నాలుగు కంటే ఎనిమిది పెద్దది కనుక ఎనిమిదో వంతే పెద్దదనేవాళ్ళు ప్రతి ఏడూ ఉండేవారు. నేను సుద్దముక్కతో వృత్తాలు గీసి, గీతలు కొట్టి, గొంతు పెంచి మళ్ళీ మళ్ళీ చెప్పేవాణ్ణి. చాలా ఆలస్యంగా, ఒక ఏడాది మాత్రం తలా ఒక కాగితం ఇచ్చి మడవమన్నాను. ఒక మడతకు రెండు భాగాలు, రెండో మడతకు నాలుగు. మూడో మడత పెట్టించి, విప్పకముందే ఎన్ని భాగాలుంటాయో చెప్పమంటే, తరగతిలో సగానికి పైగా ఆరు అన్నారు. విప్పి, వేలితో లెక్కపెట్టి, ఎనిమిది చూసి, తప్పు మడిచామేమోనని మళ్ళీ మడిచారు. మడత పెరిగేకొద్దీ చేతిలోని కాగితం మందమవుతూ చిన్నదవుతున్నదని వేళ్ళకు తెలిశాక, ఎనిమిదో వంతు పెద్దదన్న పిల్లలు ఆ తరగతిలో లేరు. అంతకు ముందు నా చేతుల మీదుగా వెళ్ళిపోయిన పిల్లల గురించి ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తాను.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. జర్మనీలో 1837లో చిన్నపిల్లల కోసం బడి మొదలుపెట్టి, తరువాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్, ఒక చెక్క ఘనాన్ని 8 చిన్న ఘనాలుగా విడదీసి పిల్లల చేతికి ఇచ్చాడు. కాగితం మడవడం, అల్లడం, మట్టితో బొమ్మలు చేయడం ఆయన పాఠాల్లో ఉండేవి. స్ఫటికాల శాస్త్రం చదువుకున్న మనిషి కనుక ఆకారాల మీద ఆ మక్కువ ఆయనకు అక్కడినుంచే వచ్చి ఉంటుందని నా ఊహ.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను హెచ్చరించాలి. నువ్వు చేసిన నమూనాను బల్లమీద పెట్టి అలాగే చేయమంటే, సాయంత్రానికి గోడమీద ముప్పై ఒకే రకం బొమ్మలు వేలాడతాయి, చూడవచ్చిన పెద్దలు మెచ్చుకుంటారు, పిల్లలు నేర్చుకున్నది మాత్రం అనుకరించడమే అవుతుంది. ఎలా అతకాలో, ఎలా కత్తిరించాలో చూపించు, ఏం చేయాలో వాళ్ళకు వదిలెయ్యి. నా చిన్నప్పుడు నేను కాగితం అడుగున నేల గీత, పై అంచున నీలం పట్టీ గీసి, మధ్యలో తెల్లగా వదిలితే, ఆకాశం నేలదాకా ఉండాలని ఒక మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేశారు. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వయసులో పిల్లలు చాలామంది అలాగే గీస్తారని, పిల్లల బొమ్మలను పరిశీలించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన 1947లోనే రాసిపెట్టాడు. నేల కింద ఉంటుంది, ఆకాశం పైన ఉంటుంది, మధ్యలో గాలి ఉంటుంది, ఆ వయసుకు అది సరైన లెక్కే. కాబట్టి "ఇదేమిటి?" అని అడగడం మాని, "దీని గురించి నాకు చెప్పు" అని అడుగు. మొదటి ప్రశ్నకు తన బొమ్మ నీకు అర్థం కాలేదని పిల్లవాడికి తెలిసిపోతుంది. రెండోదానికి బహుశా పెద్ద కథే వినవలసివస్తుంది, ఓపిక తెచ్చుకో.

ఎడమచేతి పిల్లలకు ఎడమచేతి కత్తెర ఇప్పించడం మరచిపోకు. మామూలు కత్తెరను ఎడమచేత్తో నొక్కితే రెండు అలుగులూ ఒకదానికొకటి దూరంగా జరుగుతాయి, కాగితం తెగక మధ్యలో మడతపడుతుంది. ఆ బిడ్డకు చేతకాదనుకుంటారు, ఆ బిడ్డ కూడా అలాగే అనుకుంటుంది.

కాల్చని మట్టి ఎంత ఎండినా నీళ్ళలో నానబెడితే మళ్ళీ మెత్తబడుతుంది కనుక మిగతా ముక్కలన్నీ ఒక బాల్చీలో వేసి నానబెట్టుకో. ఆ ఏనుగును మాత్రం వెయ్యకు. ఊడిన చోట ఒక్క గీతయినా లేకుండా నున్నగా ఉంటుంది చూడు, బోధనాభ్యాసానికి వెళ్ళినప్పుడు అది పిల్లలకు చూపించవచ్చు.

ఇట్లు,
మీ నాన్న