వోచర్లు పంచినంత మాత్రాన ప్రజలు యజమానులు కాలేదు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ సంపాదకీయ పేజీలో ప్రైవేటీకరణ మీద వచ్చిన వ్యాసానికి ఎవరో ఒకరు జవాబు రాస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు. విశాఖ ఉక్కుతో మొదలుపెట్టిన వ్యాసకర్త రష్యా, చెక్, తూర్పు జర్మనీలను ఒకే గాటన కట్టేసి, అక్కడంతా చకచకా అమ్మేశారని, వాటాలు జనానికి పంచారని, తాత్సారం చేస్తున్నది మనమేనని తేల్చేశారు. మూడు దేశాల్లో జరిగింది మూడు రకాలుగా. అందులో రష్యాలో జరిగింది ఆదర్శమని చెప్పడానికి అసలు నోరెలా వచ్చిందో అర్థం కావడం లేదు.

ముందు రష్యా వోచరు సంగతి. వోచరంటే ప్రభుత్వ ఫ్యాక్టరీల వాటాలతో మార్చుకునే కాగితం. 1992 అక్టోబరు నుంచి అక్కడి ప్రభుత్వ సేవింగ్స్ బ్యాంకు శాఖల్లో 25 రూబుళ్లు కట్టించుకుని, చంటిబిడ్డ నుంచి పండు ముసలి దాకా ప్రతి పౌరుడికీ ఒక్కో వోచరు ఇచ్చారు. దాని మీద 10,000 రూబుళ్లని అచ్చువేశారు. ఎవరి పేరూ రాయలేదు, ఎవరి చేతిలో ఉంటే వారిదే. ఆ 10,000 ఎక్కడి నుంచి వచ్చింది? ఫ్యాక్టరీల ఖాతా పుస్తకాల్లోని పాత విలువలో పంచదలచిన భాగాన్ని జనాభాతో భాగిస్తే వచ్చింది. 1992 జనవరి 2న ధరల మీద నియంత్రణ ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలోనే ధరలు దాదాపు 26 రెట్లయ్యాయి. వోచరు మీది అంకె మాత్రం కదల్లేదు. ఆ చలికాలం గడిచేసరికి బయట దాని ధర ముఖవిలువలో సగానికి కూడా దిగిపోయింది. జీతాలు అందని ఇళ్లవాళ్లు మెట్రో స్టేషన్ల దగ్గర నిలబడి ఆ రోజు ఖర్చుకు అమ్ముకున్నారు. ఇంకొందరు జనం వోచర్లు పోగేసి వాటాలు కొనే ఫండ్లలో పెట్టారు, వాటిలో చాలా ఫండ్లు చిరునామా లేకుండా పోయాయి. ఈ పథకం నడిపిన అనతోలి చుబైస్ ఒక వోచరు రెండు వోల్గా కార్ల విలువ చేస్తుందని చెప్పారు. ఆ మాట ఆయన్ను ఇప్పటికీ వదల్లేదు.

మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేని విషయం ఇంకోటుంది. వోచర్ల వేలానికి ముందే ప్రతి ఫ్యాక్టరీలో కార్మికులకు మూడు పద్ధతులు చూపించారు. మొదటి దాంట్లో ఓటు హక్కు లేని 25 శాతం వాటా ఉచితం, పైన కొంత రాయితీ ధరకు. రెండో దాంట్లో ఖాతా విలువకు 1.7 రెట్లు చెల్లించి 51 శాతం కొనుక్కోవచ్చు. మూడోది బాధ్యత తీసుకునే మేనేజర్ల బృందానికి. నాలుగింట మూడొంతుల సంస్థలు రెండోదే ఎంచుకున్నాయి. ద్రవ్యోల్బణం ముందు 1.7 రెట్లు ఏ మూలకు? కాగితం మీద కార్మికులే యజమానులు. కానీ వాటాదారుల రిజిస్టరు ఉండేది డైరెక్టరు గారి బీరువాలో. బయటివాళ్లకు వాటా అమ్మితే ఉద్యోగం ఊడుతుందన్న బెదిరింపు ఉండేది. బయటివాళ్లు ఎలాగో కొన్నా రిజిస్టరులో పేరు ఎక్కేది కాదు. 1994లో క్రాస్నోయార్స్క్ అల్యూమినియం కర్మాగారంలో ఒక పెద్ద వాటాదారు పేరునే రిజిస్టరులోంచి కొట్టేశారు. కోట్లు పెట్టి కొన్నవాడి గతే అంతయితే, లేతు మెషిను దగ్గర పనిచేసేవాడి వాటాకు దిక్కెవరు?

ఇదంతా ఎందుకు సాధ్యమైందంటే, అమ్మకం ముందు జరిగింది, చట్టం తర్వాత వచ్చింది. వోచర్ల గడువు 1994 మధ్యలో ముగిసింది. జాయింట్ స్టాక్ కంపెనీల చట్టం అమల్లోకి వచ్చింది 1996 జనవరి 1న. షేర్ల మార్కెట్ చట్టం ఆ ఏడాది ఏప్రిల్‌లో. చిన్న వాటాదారుకు ఏ హక్కులుంటాయి, కొత్త షేర్లు జారీచేసి అతని వాటాను పలచన చేయవచ్చా, రిజిస్టరు ఎవరి దగ్గర ఉండాలి అన్నవి దేశంలోని ఫ్యాక్టరీల్లో పెద్ద భాగం చేతులు మారాక రాసుకున్నారు. త్వరగా అమ్మడమే గొప్పంటున్న వ్యాసకర్త ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూసి ఉండాల్సింది.

ఇక 1995 చివర జరిగింది. చమురు, నికెల్ లాంటి అసలైన ఆస్తుల్లో పెత్తనమిచ్చే వాటాలు వోచర్లలో పోలేదు, వాటికి తనఖా వేలాలు పెట్టారు. ప్రభుత్వానికి డబ్బు కావాలి, బ్యాంకులు అప్పిస్తాయి, హామీగా కంపెనీల షేర్లు తీసుకుంటాయి. 1996 సెప్టెంబరుకల్లా అప్పు తీర్చకపోతే ఆ షేర్లు బ్యాంకులే అమ్ముకోవచ్చు. తీర్చే ఉద్దేశం ఎవరికీ లేదు, బడ్జెట్‌లో అందుకు డబ్బూ పెట్టలేదు. నోరిల్స్క్ నికెల్‌లో 38 శాతానికి కనీస ధర 17 కోట్ల డాలర్లు. ఒనెక్సిమ్ బ్యాంకుకు దక్కింది 17.01 కోట్లకు. 35.5 కోట్ల డాలర్లతో వచ్చిన మరో బిడ్డును హామీ చాలదని పక్కన పెట్టేశారు. ఆ వేలం నిర్వహించిందెవరు? అదే ఒనెక్సిమ్ బ్యాంకు. చమురు కంపెనీ యూకోస్‌లో 45 శాతం 15.9 కోట్ల డాలర్లకు పోయింది, అక్కడ నిర్వాహకులూ విజేత వైపువాళ్లే అయిన మెనాటెప్ బ్యాంకు. మరో చమురు కంపెనీ సుర్గుత్ నెఫ్తెగాజ్ వేలం రోజున పోటీదార్లు రాకుండా ఆ ఊరి విమానాశ్రయం మూసేశారు. కంచే చేను మేయడమంటే ఇదే.

అడ్డికి పావుశేరు చొప్పున అమ్మితే నష్టమెంతో తెలియాలంటే సిబ్‌నెఫ్ట్ అనే చమురు కంపెనీ ఒక్కటి చాలు. 1995 డిసెంబరులో అందులో 51 శాతం 10.03 కోట్ల డాలర్లకు పోయింది. 2005లో ప్రభుత్వ ఆధీనంలోని గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ అదే కంపెనీలో దాదాపు 73 శాతం వెనక్కి కొన్నది. ఇచ్చింది 1,310 కోట్ల డాలర్లు. మధ్యలో చమురు ధర పెరిగింది, కంపెనీ బాగుపడింది, కాదనను. అయినా ఈ రెండు అంకెల మధ్య తేడాకు అవి చాలవు.

చెక్ వాళ్ల పద్ధతి వేరు. 35 కొరునాల పుస్తకం, 1,000 కొరునాల స్టాంపు, వాటికి కంపెనీల వాటాలు కొనుక్కోవడానికి 1,000 పాయింట్లు. దేశం విడిపోకముందు 1992లో జరిగిన మొదటి విడతలో 85 లక్షల మంది చేరారు, 1,491 కంపెనీలకు వేలం జరిగింది. ఏడాదిలో పదింతలిస్తామని ప్రకటనలిచ్చిన ఫండ్ల వెనక జనం పరుగెత్తారు. పాయింట్లలో 70 శాతానికి పైగా ఫండ్ల చేతికి వెళ్లాయి. ఆ ఫండ్లు నడిపేవాళ్లు కంపెనీల యంత్రాలు, స్థలాలు తమ సొంత సంస్థలకు కారుచౌకగా మళ్లించుకున్నారు. వీళ్ల మీద నిఘా పెట్టే సెక్యూరిటీల కమిషన్ 1998 దాకా లేదు. పోలండ్ మాత్రం 1991 మార్చిలో షేర్ల వ్యాపారానికి చట్టం చేసి, ఏప్రిల్‌లో ఐదు కంపెనీలతో స్టాక్ ఎక్స్ఛేంజీ తెరిచింది. పెద్ద ఎత్తున పంపకాన్ని 1995 దాకా ఆపింది. ఆ పంపకమూ గొప్పగా సాగలేదు, కానీ చట్టం ముందుంది.

తూర్పు జర్మనీలో ఆస్తులు 60,000 కోట్ల మార్కులు పలుకుతాయని అక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలను అమ్మిపెట్టే ట్రాయ్‌హాండ్ సంస్థ అధిపతి రోవెడ్డర్ మొదట అంచనా వేశారు. 1994 చివర తలుపులు మూసేనాటికి మిగిలింది దాదాపు 25,600 కోట్ల మార్కుల లోటు. దాని కింద ఉన్న సంస్థల్లో మొదట 40 లక్షల మంది పనిచేసేవారు, వారిలో ఎక్కువమంది వీధిన పడ్డారు. అయితే అక్కడి అమ్మకపు ఒప్పందాల్లో ఎంతమందికి పని ఇవ్వాలి, ఎంత పెట్టుబడి పెట్టాలి అని రాసుకున్నారు, తప్పితే జరిమానా అని కూడా చాలావాటిలో రాశారు. మనం నేర్చుకోదగింది ఏదైనా ఉంటే అది ఈ నిబంధన. మీ వ్యాసంలో అదీ లేదు.

మన దగ్గర ఏం జరుగుతోంది? నిజాం షుగర్స్‌లో 51 శాతం 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నడపకపోతే ఏం చేయాలని ఒప్పందంలో ఉందో బోధన్ చెరకు రైతుకు ఏ అధికారీ ఇంటికొచ్చి చెప్పలేదు. ఫైళ్లు కదిలేది చీకట్లో, జనానికి తెలిసేది సంతకాలు అయ్యాక. విశాఖ ఉక్కులో 100 శాతం వాటా అమ్మాలని 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం తీర్మానించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు కాబట్టి ఇక చర్చ అనవసరమని కొందరంటున్నారు. ఆ తీర్మానం ఏమైందో ముందు చెప్పమనండి. దాదాపు 20 వేల ఎకరాల భూమి ఏ ధరకు లెక్కలో ఉంది? దశాబ్దాల కిందట రైతుల దగ్గర తీసుకున్న ధరకా, నేటి ధరకా? సొంత ఇనుప ఖనిజ గని ఇవ్వకుండా నష్టాల్లో పెట్టి, ఆ నష్టాల లెక్కతో వెల కడతారా? వెల కట్టే సంస్థ ఏది, దానికి కొనేవారితో లావాదేవీలున్నాయా? అమ్మే పక్షంలో నడపకపోతే వెనక్కి తీసుకునే షరతు ఉంటుందా? ఇవి అడగాల్సిన పని పత్రికలది. ఒకప్పుడు పత్రికలు అడిగేవి కూడా.

నోరిల్స్క్, యూకోస్‌లలోని ఆ పెద్ద వాటాలను వోచర్ల వేలంలో ప్రజలకు అమ్మారన్న మీ వ్యాసంలోని వాక్యం తప్పు. నేను చెప్పిన ఆ వేలాలు 1995 నవంబరు, డిసెంబరు నెలల్లో బ్యాంకుల మధ్య జరిగాయి, వోచర్లు అంతకు ఏడాది ముందే చెల్లకుండా పోయాయి. మిగతావి మీకు అభిప్రాయాలనిపిస్తే సరే, ఈ ఒక్కదానికైనా సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం