చలిదేశంలో గుర్రాలను చూసుకుంటున్న అమ్మాయికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి శ్రావణికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. కెనడాలోని అల్బర్టాలో రాత్రిళ్లు మైనస్ 20 డిగ్రీలకు దిగుతున్నాయనీ, ఆరుబయట నిలబడ్డ గుర్రాలన్నింటికీ దుప్పట్లు కప్పేయాలనిపిస్తోందనీ రాశావు. నీ జాలిని తప్పుపట్టను. కానీ 18 డిగ్రీలకే శాలువా వెతుక్కునే మన గుంటూరు ఒంటితో గుర్రానికి వేసే చలిని కొలవకూడదు తల్లీ.

పగటి పొద్దు తగ్గడం మొదలైనప్పుడే, చలి ముదరకముందే, దాని ఒంటి మీద శీతాకాలపు బొచ్చు పెరుగుతుంది. చలిలో ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుని నడుమ గాలిని పట్టి ఉంచుతాయి. వీపు మీద పడిన మంచు కరగకుండా నిలిచిందంటే ఒంటివేడి బయటికి పోవడం లేదన్నమాట, కనుక అది చూసి కంగారుపడకు. ఒళ్లు పొడిగా ఉండి, ఈదురుగాలికి అడ్డు ఉండి, కడుపునిండా మేత దొరికితే, చలికి అలవాటుపడిన గుర్రం మైనస్ 15 వరకు తేలికగానే తట్టుకుంటుంది. తడిసి బొచ్చు అణిగిపోతే మాత్రం సున్నాకు పైన ఉన్నా వణుకుతుంది. ముసలివాటికీ, బక్కచిక్కినవాటికీ, బొచ్చు కత్తిరించినవాటికీ దుప్పటి కావాలి. ఆరోగ్యంగా ఉన్నవాటికి పల్చటి దుప్పటి కప్పితే బొచ్చు అణగడమే తప్ప మేలు లేదు. చలి అని శాల తలుపులన్నీ బిగించవద్దు. మూత్రం నుంచి లేచే అమోనియా ఊపిరితిత్తులకు చలికంటే ఎక్కువ చేటు.

వెచ్చదనం మేతలోంచి రావాలి. గన్నవరం పశువైద్య కళాశాలలో నువ్వు చదువుకున్నదే ఇది: గేదెకు నెమరుపొట్టలో జరిగే పులియడం గుర్రానికి అంధనాళంలో (పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో), పెద్దపేగులో జరుగుతుంది, ఆ పనిలో వేడి పుడుతుంది. అందుకే చలి పెరిగిన రాత్రి దాణా కాదు, ఎండుగడ్డి పెంచాలి. 500 కిలోల గుర్రానికి మామూలుగా రోజుకు 10 కిలోల వరకు పడుతుంది. మైనస్ 20 రాత్రుల్లో అంతకంటే ఎక్కువే వెయ్యి.

అయితే ఆ ఎండుగడ్డికి తోడు నీళ్లు లేకపోతే మేతే ప్రాణం మీదికి తెస్తుంది. నాకున్న అసలు భయం ఇదే. పచ్చగడ్డిలో ముప్పాతిక వంతు నీరే, ఎండుగడ్డిలో పదో వంతుకు కాస్త అటూఇటూ. అంటే చలికాలంలో తాగే నీళ్లు పెరగాలి, కానీ నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటే గుర్రం మూతి తడిపి వదిలేస్తుంది. మంచు నాకితే ఆ లోటు తీరదు. ఇక్కడ పెళ్లి ఊరేగింపు నుంచి నా దగ్గరికి తెచ్చిన ఒక గుర్రం సాయంత్రం నుంచి నీళ్లు ముట్టలేదట. ముంగాలితో నేలను గీకుతూ, మాటిమాటికీ తల తిప్పి తన డొక్కవైపు చూసుకుంటూ, పడుకుంటూ లేస్తూ ఉంది. పేగులో ఎండిన మేత అడ్డుపడింది. గుంటూరు వాతావరణంలోనే అలా జరిగితే అక్కడ ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించు. నీళ్లు గోరువెచ్చగా పొయ్యి, ఉప్పుగడ్డ అందుబాటులో ఉంచు, రోజూ లద్దె చూడు. ఉండలు చిన్నవై, గట్టిపడి, పొడిగా రాలుతుంటే నీళ్లు చాలడం లేదు. తొట్టిలో హీటర్ ఉండీ గుర్రం తాగకపోతే వైరు పరీక్షించు. మన చేతికి తెలియనంత కరెంటు లీకైనా అది దూరం జరుగుతుంది.

బొచ్చు కింద బక్కతనం కనబడదు కాబట్టి వారానికోసారి చేతివేళ్లతో పక్కటెముకలు తడుము. గుర్రం ఒంటి పుష్టిని అంచనా వేయడానికి 1983లో హెన్నెకె అనే పరిశోధకుడు రూపొందించిన, 1 (బాగా బక్క) నుంచి 9 (బాగా లావు) వరకున్న కొలత నీకు తెలిసిందే. 5 దగ్గర ఉంటే మంచిది, ముసలి ఆడగుర్రానికి ఇంకాస్త కండ ఉన్నా పరవాలేదు.

ఇక స్వారీ. కళ్లెపు ఇనుమును చేతుల్లో వేడి చేశాకే నోట్లో పెట్టు. మొదట ఎక్కువసేపు నడిపించు, మైనస్ 20 దగ్గర దౌడు తీయించవద్దు. డెక్కల్లో మంచు గడ్డలు చేరితే కాలు మడతపడుతుంది కనుక మధ్యలో దిగి తీసెయ్యి. తిరిగి వచ్చాక జీను తీసిన చోట బొచ్చును చేతివేళ్లతో విడదీసి చూసి, లోపలి చెమట పూర్తిగా ఆరాకే బయటికి వదులు.

నీ ఒంటిమీద శ్రద్ధ ఉంచుకో.

ఆశీస్సులతో,
నాన్న