మన వాడ సంఘం 2024–25 వార్షిక నివేదిక: రాత్రి ఇంగ్లిష్ తరగతి

సభ్యులందరికీ నమస్కారం. బోరు మోటారు రిపేరు, బతుకమ్మ లైట్లు, నల్లా పైపుల గొడవ మీరంతా కళ్ళారా చూసినవే. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు పదో తరగతి పిల్లల ఇంగ్లిష్ తరగతికే ఇస్తున్నాను.

జూలైలో 31 మంది పేర్లు రాయించుకున్నారు. దసరా తర్వాత నికరంగా మిగిలింది 19 మంది. రాత్రి ఏడింటికి కూర్చుంటే ఎనిమిదిన్నర దాకా బిట్లు, గ్రామర్, పాఠం ప్రశ్నలు. ముందు గైడ్లలోని జవాబులు బట్టీ పట్టించాం. అది పొరపాటేనని స్లిప్ టెస్టుల్లో తేలింది. ప్రశ్న కాస్త మార్చి అడిగితే పెన్ను కదలలేదు.

పిల్లల తప్పులకు చాలావరకు మన తెలుగే కారణమని మెల్లగా అర్థమైంది. తెలుగులో ‘నేను వస్తానని రాజు చెప్పాడు’ అంటాం. అదే పద్ధతిలో రిపోర్టెడ్ స్పీచ్‌లోనూ, అంటే ఒకరి మాటను మరొకరు చెప్పే వాక్యాల్లోనూ, ‘హి’గా మార్చాల్సిన ‘ఐ’ని ‘ఐ’గానే ఉంచేస్తున్నారు. ‘గురించి చర్చించారు’ అనే అలవాటుతో అక్కర్లేని ‘అబౌట్’ చేర్చి ‘డిస్కస్డ్ అబౌట్’ అని రాస్తున్నారు. ‘హానెస్ట్’ ముందు ‘ఆన్’, ‘యూనివర్సిటీ’ ముందు ‘ఎ’ ఎందుకు వస్తాయో అక్షరం చూపించి చెబితే ఎక్కలేదు. పైకి పలికించి శబ్దం వినమంటే ఒక్క పూటలో పట్టేశారు. సాంచాల (మరమగ్గాల) మధ్య పెరిగిన పిల్లలకు పడుగును ‘వార్ప్’ అనీ, పేకను ‘వెఫ్ట్’ అనీ తెలియకపోవడం మాత్రం నాకు వింతగా అనిపించింది. ఆ రెండూ ఏ పరీక్షలోనూ రావు. అయినా నేర్పాం.

ఇక జనవరిలో జరిగిన సభ గురించి. పాఠ్యపుస్తకంలోని ‘వాట్ ఈజ్ మై నేమ్?’ పి. సత్యవతి గారి తెలుగు కథ ‘ఇల్లలకగానే’కు అనువాదం. ఇంటి పనిలో పడి తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ. ఏడాదంతా ఈ పాఠం ప్రశ్నలు రాసిన పిల్లల్లో ఒక్కరికీ ఇది తెలుగు కథని తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ నిరుడే తెలిసింది. అందుకని ఆ రాత్రి తల్లులను కూడా పిలిచాం. చాలామంది చాటలు వెంట తెచ్చుకున్నారు. కార్ఖానాలో లెక్క అప్పజెప్పాలి కదా, బీడీలు చేస్తూనే విన్నారు.

మొదట మన వాడలోని ఒక అవ్వ ఇల్లలుకుతూ అలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ చెప్పింది. గుర్రం కడుపులో పిల్ల ‘ఇహిహీ’ అని నవ్వే చోట పిల్లలకన్నా తల్లులే గట్టిగా నవ్వారు. తర్వాత ఒక అమ్మాయి తెలుగు కథ చదివింది. సగానికి వచ్చేసరికి చాటల చప్పుడు ఆగిపోయింది. వెనక వరుసలోంచి ఒకామె, ‘‘నా పేరు పీఎఫ్ కాగితం మీద తప్ప ఏడుంది సారూ, అందరూ ఫలానోళ్ళ అమ్మా అనే పిలుస్తరు’’ అంది. కథలోని ఆ ఇల్లాలి పేరు శారద. ఆ వారం ‘శారద డైరీ రాయండి’ అనే ప్రశ్నకు పిల్లలు రాసింది ఏ గైడ్‌లోనూ లేదు. ఒకబ్బాయి మూడు వాక్యాల్లో రెండు స్పెల్లింగులు తప్పు రాసినా, వాళ్ళమ్మ పేరు మాత్రం క్యాపిటల్ అక్షరాల్లో రాశాడు. మార్కు తగ్గించలేదు.

పరీక్షల విషయంలో టెన్షన్ తక్కువేం పడలేదు. నవంబరు చివర ఇంటర్నల్స్ (బడిలోనే వేసే మార్కులు) తీసేసి పేపరు 100 మార్కులకే అన్నారు. మర్నాడే ఈ ఏడాదికి పేపరుకు 80, ఇంటర్నల్స్‌కు 20 పద్ధతే ఉంటుందన్నారు. ఆ ఒక్క రోజులో నాకు వచ్చిన ఫోన్లకు లెక్క లేదు. మార్చి 24న ఇంగ్లిష్ పేపరు. ముందురోజు ఆదివారం కావడంతో పొద్దంతా ప్రాక్టీస్ చేయించగలిగాం. ఇద్దరు తప్ప అందరూ ఇంగ్లిష్‌లో గట్టెక్కారు. ఆ ఇద్దరూ జూన్‌లో సప్లిమెంటరీ రాస్తారు, వాళ్ళకు తరగతి ఇంకా నడుస్తూనే ఉంది.

చెప్పక తప్పని మాట ఒకటి. పాఠం చెబుతామని 11 మంది డిగ్రీ పిల్లలు ముందుకొచ్చారు. డిసెంబరుకు ముగ్గురు మిగిలారు. మిగతావాళ్ళు వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టడం మాత్రం ఏనాడూ మానలేదు. పాత బెంచీల కోసం ఒక ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాం. ప్రతిసారీ కొత్త దరఖాస్తు అడిగారు. పిల్లలు ఈ రోజుకూ చాపల మీదే కూర్చుంటున్నారు.

చాపలు ఇచ్చిన కిరాణా కొట్టు అన్నకు, జిరాక్సులకు సగం డబ్బే తీసుకున్న తమ్ముడికి, కరెంటు పోయిన రాత్రుల్లో ఇన్వర్టరు వైరు ఇటు లాగనిచ్చిన పక్కింటి వాళ్ళకు, చివరిదాకా నిలబడిన ఆ ముగ్గురికి, ప్రతి శనివారం అటుకులు పంపిన అక్కలకు, కథ చెప్పిన అవ్వకు పేరుపేరునా కృతజ్ఞతలు. జమాఖర్చుల కాగితం కోశాధికారి దగ్గర ఉంది. అప్పు లేదు, మిగులు కొద్దిగా ఉంది. వివరాలు కావలసినవాళ్ళు సభ అయ్యాక చూసుకోవచ్చు.

గది తాళంచెవి ప్రస్తుతం నా దగ్గరే ఉంది. జూన్ నుంచి నాకు రాత్రి షిఫ్టు. రోజూ ఏడింటికి ఎవరు తెరుస్తారో ఈ సభలోనే తేలాలి.

— కార్యదర్శి