ఉప్పల్ మ్యాచ్ టికెట్లపై బహిరంగ లేఖ

గౌరవనీయులైన హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షులు గారికి,

నల్లగొండ నుంచి ఒక అభిమాని నమస్కరించి రాయునది. ఉప్పల్ స్టేడియంలో జరిగే మ్యాచ్‌ల టికెట్ల అమ్మకం విషయమై ఇంతకుముందు పంపిన వినతులకు సమాధానం రానందున, ఇప్పుడు నలుగురి సమక్షంలో అడుగుతున్నాను.

2022 సెప్టెంబరు 22న భారత్–ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం వద్ద జరిగిన తొక్కిసలాటలో పలువురు గాయపడ్డారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం వెలుపల, ఆర్‌సీబీ జట్టు ఐపీఎల్ విజయోత్సవం వేళ జరిగిన తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలే పోయాయి. సందర్భాలు వేరైనా, లోపల ఎందరికి చోటుందో బయటి జనానికి ముందుగా స్పష్టంగా చెప్పకపోవడమే రెండుచోట్లా ప్రమాదాన్ని పెంచిందని నా అభిప్రాయం.

దేవరకొండ నుంచో మిర్యాలగూడ నుంచో బయలుదేరే కుర్రవాడు ఆ రోజు కూలి వదులుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని వచ్చి, ఆన్‌లైన్‌లో నిమిషాల్లో అయిపోయిన టికెట్టునే స్టేడియం దగ్గర బ్లాకులో కొనవలసి వస్తోంది. కొనలేనివాడు ఆట చూడకుండానే రాత్రి బస్సెక్కుతున్నాడు. టీవీలో చూడవచ్చు కదా అనడం న్యాయం కాదు. ఈ ఆటను ఇంతటిదాన్ని చేసింది ఇలాంటి అభిమానులే.

అందువల్ల ప్రతి మ్యాచ్‌కు వారం ముందే మొత్తం సీట్లెన్ని, అమ్మకానికి పెట్టినవెన్ని, ఉచిత పాసులు ఎవరికెన్ని ఇచ్చారన్నది ప్రకటించాలని, టికెట్లలో కొంత వాటాను నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లా కేంద్రాల్లో గుర్తింపు కార్డు చూసి కౌంటర్ల ద్వారా అమ్మాలని కోరుతున్నాను. ఉప్పల్‌లో తదుపరి మ్యాచ్ టికెట్లు విడుదల కాకముందే దీనిపై లిఖితపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
నల్లగొండ జిల్లా క్రికెట్ అభిమాని