ఆ పిల్ల కంచం వేరుగా పెట్టకండి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. మీ రూమ్మేట్‌కి డెంగీ అని తెలిసి, ఎవరో ‘కంటేజియస్’ అన్నారని ఆ పిల్ల కంచం, గ్లాసు వేరుగా పెట్టేశారట. నువ్వూ ఊరుకున్నావట.

అసలు ఆ మాట ఎక్కడిదో చూడు. లాటిన్‌లో ‘కాన్’ అంటే కలిసి, ‘టాంగెరే’ అంటే తాకడం. కాంటాక్ట్, నువ్వు లెక్కల్లో గీసే టాంజెంట్ కూడా ఆ తాకడంలోంచి పుట్టినవే. తాకితేనో, దగ్గితేనో మనిషి నుంచి మనిషికి నేరుగా వచ్చే జబ్బును కంటేజియస్ అంటారు. ఆటలమ్మ, తట్టు, ఫ్లూ అలాంటివి. ఇన్ఫెక్షియస్ ఇంకా పెద్ద మాట, క్రిమి వల్ల వచ్చేవన్నీ అందులోకి వస్తాయి. డెంగీ, మలేరియా ఇన్ఫెక్షియసే కానీ కంటేజియస్ కావు. మధ్యలో దోమ ఉండాల్సిందే. మనం తెలుగులో అన్నిటినీ అంటువ్యాధులనే అనేస్తాం, ఈ తికమక అక్కడే వస్తోంది.

ఆ మాట మనిషికీ వాడతారు. ‘ఆమె ఇంకా కంటేజియస్’ అంటే ఆమె నుంచి వేరేవాళ్లకు ఇంకా అంటుకోవచ్చని. నవ్వుకూ ఆవులింతకూ కూడా వాడతారు. మీ తమ్ముడి నవ్వు అలాంటిదే కదా.

నా తొమ్మిదో ఏట నాకు ఆటలమ్మ పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. అది నిజంగా అంటుకునేదే, పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా పిల్లల్ని రానివ్వకపోవడం తప్పు కాదు. మీ అమ్మమ్మకు చిన్నప్పుడే వచ్చి పోయింది కాబట్టి నా పక్కనే చాప వేసుకుని పడుకునేది. దురద పెట్టినప్పుడల్లా వేపరెమ్మతో మెల్లగా నిమిరేది. ఆ రాత్రులు నేను మరిచిపోలేదు. మంచినీళ్ల గ్లాసు గడప అవతలే పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయిన మా చిన్నత్తనూ మరిచిపోలేదు.

డెంగీకి ఆ దూరం కూడా అక్కర్లేదమ్మా. ఈ పూటే ఆ కంచం మీ కంచాల్లో కలిపెయ్యి. పక్కన కూర్చుని అన్నం తినిపించు. జ్వరం ఉన్నన్నాళ్లూ ఆ పిల్లను దోమ కుట్టకుండా చూడండి. అది పగటిపూట కుట్టే దోమ, పగలు కూడా దోమతెర ఉండాలి. కూలర్‌లో, బకెట్లలో నిలవ నీళ్లు పారబోసి, లోపల రుద్ది కడగండి. జ్వరం తగ్గిందని నిశ్చింతగా ఉండకండి, డెంగీలో అసలు ప్రమాదం అప్పుడే. కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రాత్రికి ఫోన్ చేసి ఆ పిల్ల ఎలా ఉందో చెప్పు.

అమ్మ