ఈ పాట ఎవరితో?

చిట్టితల్లీ,

నిన్ను వదిలివెళ్లినవాడి గురించి, ఆ బాధ నుంచి కోలుకోవడం గురించి నువ్వు ఒక్కదానివే పాడి నటించే షో స్క్రిప్టు చదివాను. 16 పాటలు, రెండు గంటలు. ఒక్కదానివే నిలబడి మోసే షోకి ఇది చాలా ఎక్కువ. ఇంటర్వెల్ లేకుండా 70 నిమిషాలు, తొమ్మిది లేదా పది పాటలు ఉంచు. నీ బదులు పాడేవాళ్లెవరూ ఉండరు, గొంతుకు తెరిపి మాటల్లోనే దొరకాలి. అందుకే అరిచే సంభాషణలు తగ్గించు, అవి పాటకన్నా ఎక్కువ అలసట తెస్తాయి.

ఏ పాట తీసేయాలో తేల్చడానికి ఒక్కటే చూడు: ఇది ఎవరితో అంటున్న మాట? ఫ్రెంచ్ సంగీతకర్త పూలెంక్ ఒపేరా (పాటలతో సాగే నాటకం) ‘లా వ్వా యుమేన్’ (1959) సుమారు 40 నిమిషాలు. ఒకే గాయని, చేతిలో టెలిఫోన్, అవతల వదిలివెళ్తున్న ప్రియుడు. అతని గొంతు మనకు వినపడదు. అయినా ఆమె ఆగినచోటల్లా అతనేమన్నాడో ఊహకు అందుతుంది. నీ మొదటి మూడు పాటల్లో ఆ బలం ఉంది. నాలుగోది ఎవరితోనూ కాదు, అందుకే ఉత్త ఏడుపుగా మిగిలింది. కోలుకోవడం కనపడాల్సింది ఎవరితో అన్నది మారడంలోనే. నిన్ను వదిలివెళ్లినవాడితో అనే మాట మెల్లగా స్నేహితురాలి వైపు, ఆపైన నీ వైపు, చివరికి ఎదురుగా కూర్చున్నవాళ్ల వైపు తిరగాలి. ‘బాగున్నాను’ అని పాటలో రాయకు తల్లీ. స్టేజీ మీద అతని ఖాళీ కుర్చీ వైపు ఒక్కసారీ చూడకుండా ఒక పాట పూర్తిచేయి, చాలు.

నిజంగా ఏడుస్తూ పాడలేవు. గొంతు బిగుస్తుంది, ముక్కు మూసుకుపోతుంది, ఊపిరి తెగుతుంది. గుండె పట్టేసే చరణాన్ని ముందు మాటలుగా చదువు, తర్వాత సన్నగా పాడు, ఆ తర్వాతే పూర్తి గొంతుతో. వరసగా రెండుసార్లు తడబడకుండా రాకపోతే ఆ పాట ఇప్పటికి పక్కన పెట్టు, గాయం ఇంకా పచ్చిగా ఉందన్నమాట. పాట ఉంచితే, గుండె పట్టేసే ఆ చరణం దగ్గర పియానో వాయించేవారు, నువ్వు అనుకున్న మాట పలికేదాకా, రెండు బార్లు (తాళపు ఆవర్తాలు) తిప్పుతూ ఉండాలి. చివరి పాటను అర శ్రుతి దించు, అప్పటికి గొంతు అలసి ఉంటుంది.

హెడ్‌సెట్ మైకు నోటికి ఎదురుగా కాదు, పెదవి చివర పక్కన ఉండాలి. లేకపోతే ప, బ, ఫ పలికినప్పుడల్లా స్పీకర్లో ‘ఢబ్’ మంటుంది. చెమటకు జారకుండా చెవి వెనక టేపు వేయించు, ప్రతి షోకీ కొత్త బ్యాటరీ. చేతి మైకు ఒకటి ఆన్ చేసి స్టేజీ పక్కనే ఉంచాలి. హెడ్‌సెట్ ఆగిపోతే నీకు సాయానికి వచ్చే పాత్ర ఇంకొకటి లేదు.

వచ్చే డ్రాఫ్టులో ప్రతి పాట పైనా అది ఎవరితోనో పెన్సిల్‌తో రాసి పంపు. ముందు నాలుగోది.

అమ్మ